పాలకులే తమ అవినీతిని అదుపు చేసుకున్న గణతంత్రం ఏదైనా ఉందా?

అవినీతిలో కూరుకుపోయిన గణతంత్రానికి విప్లవం కావాలా, లోపలి నుంచి సంస్కరణ చాలా అన్న విషయం మీద వ్యాసం రాస్తున్నాను. నా మొగ్గు సంస్కరణ వైపే. కానీ ఒక చోట ఆగిపోయాను: పాత చట్టంతో లాభపడేవాళ్లే దాన్ని మార్చాల్సి వస్తే, ఎందుకు మారుస్తారు?

ముందు రోమ్ చూశాను. క్రీ.పూ. 133లో టైబీరియస్ గ్రాకస్ భూసంస్కరణ చట్టం తెచ్చాడు. సెనేటర్లు, వాళ్ల మనుషులు కలిసి అతన్ని కొట్టి చంపారు. 121లో తమ్ముడు గైయస్ ప్రాణం కూడా అలాంటి గొడవలోనే పోయింది. పోనీ బలప్రయోగం పనిచేసిందా అంటే అదీ లేదు. తర్వాత రోమన్ సేనాని సుల్లా సైన్యంతో రోమ్‌ను పట్టుకుని సెనేట్‌ను బలపరిచాడు. తర్వాతివాళ్లు మాత్రం అతని నుంచి సైన్యంతో రావడమే నేర్చుకున్నారు, 49లో సీజర్ చేసిందదే.

అమెరికాలో పార్టీ మనుషులకు ప్రభుత్వ ఉద్యోగాలు పంచే పద్ధతికి 1883 పెండిల్టన్ చట్టం కళ్లెం వేసింది. కానీ ఉద్యోగం దక్కని ఒకడు 1881లో అధ్యక్షుడు గార్ఫీల్డ్‌ను కాల్చాక గానీ అది కదల్లేదు. జార్జియా దేశంలో (అమెరికా రాష్ట్రం కాదు) ట్రాఫిక్ పోలీసుల ప్రక్షాళన కూడా 2003 ప్రజా తిరుగుబాటు తర్వాతే జరిగింది.

కాస్త దగ్గరగా అనిపించింది అమెరికా రాజ్యాంగానికి 1913లో వచ్చిన 17వ సవరణ. సెనేటర్ల ఎన్నిక రాష్ట్రాల శాసనసభల చేతి నుంచి నేరుగా ప్రజల చేతికి వచ్చింది, సెనేట్ కూడా దానికి ఒప్పుకుంది. అయితే అక్కడా రాజ్యాంగ సదస్సు పిలవాలని రాష్ట్రాల ఒత్తిడి ఉంది.

హత్య, తిరుగుబాటు, బయటి ఒత్తిడి ఏదీ లేకుండా పాలకులే తమ అక్రమ లాభాన్ని చట్టం చేసి వదులుకున్న గణతంత్రం ఒక్కటైనా మీకు తెలుసా?