కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్ల ఓటీ సెక్యూరిటీ కోర్సు: చేర్పించాలా, వద్దా?

ఫ్రిస్కో నాన్న: మా అమ్మాయికి యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ సీటొచ్చింది. అది వదిలేసి, ఇంటిదగ్గరి కమ్యూనిటీ కాలేజీలో నీళ్లు, కరెంటు, పైప్‌లైన్ల కంట్రోల్ సిస్టమ్స్‌ని హ్యాకర్ల నుంచి కాపాడే ఓటీ (ఆపరేషనల్ టెక్నాలజీ) సెక్యూరిటీ కోర్సు చేస్తానంటోంది. వాళ్లమ్మకి నాలుగు రోజులుగా మా ఇద్దరితోనూ మాటల్లేవు. మీరేమంటారు?

కృష్ణా తీరం: మొహమాటం లేకుండా చెప్తున్నా, వద్దండీ. నాలుగేళ్ల డిగ్రీ లేదంటే చాలా చోట్ల రెజ్యూమె మొదటి వడపోతలోనే పోతుంది. చేతిలో ఉన్న సీటు ఎవరైనా వదులుకుంటారా?

పంపుల మనిషి: నేను ఓ ఊరి నీళ్ల ప్లాంటులో పదకొండేళ్లుగా టెక్నీషియన్‌ని. 2023 నవంబరులో పెన్సిల్వేనియాలోని అలిక్విప్పాలో నీటి ఒత్తిడి పెంచే స్టేషన్ పీఎల్‌సీని (పంపుల్ని నడిపే చిన్న కంప్యూటర్ పెట్టెని) హ్యాకర్లు పట్టేశారు. పెద్ద విద్యేం ప్రదర్శించలేదు. ఆ రకం పెట్టెలు ఇంటర్నెట్‌కి తగిలించి ఉన్నాయి, కంపెనీ పెట్టి పంపే పాస్‌వర్డేమో 1111! సిబ్బంది చేత్తో నడుపుకుని గట్టెక్కారు.

మా దగ్గరా ఒకటి జరిగింది. కొత్తగా చేరిన సీఎస్ డిగ్రీ కుర్రాడు, తెలివైనవాడే, ఆఫీసు నెట్‌వర్క్‌ని చేసినట్టే ప్లాంటు నెట్‌వర్క్‌ని స్కాన్ చేశాడు, అంటే ప్రతి పరికరాన్నీ వరసగా ప్రశ్నలడిగే ప్రోగ్రాం నడిపాడు. పాతకాలపు పీఎల్‌సీ ఒకటి ఆ ప్రశ్నల వానకి తట్టుకోలేక ఆగింది. దాంతో పంపూ ఆగింది. నేను పరుగున వెళ్లి ప్యానెల్ మీద స్విచ్‌ని ఆటో నుంచి హ్యాండ్‌కి తిప్పితే మళ్లీ తిరిగింది. మా పక్క కాలేజీ ల్యాబులో రెండు ట్యాంకులు, ఒక పంపు ఉంటాయి. వైర్లు పిల్లలే బిగిస్తారు, ల్యాడర్ లాజిక్ (పీఎల్‌సీకి రాసే ప్రోగ్రాం) వాళ్లే రాస్తారు, ట్యాంకు పొంగితే తుడిచేదీ వాళ్లే. ఒకసారి తుడిచినవాడు అలా స్కాన్ చెయ్యడు.

కృష్ణా తీరం: బాగుందన్నా, మరి 2021 మేలో అమెరికాలో పెట్రోలు, డీజిల్ మోసే కొలోనియల్ పైప్‌లైన్ మీద జరిగిన దాడి సంగతి? బయటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వచ్చే వీపీఎన్ ఖాతా ఒకటి, వాడకంలో లేనిది, దానికి పాస్‌వర్డ్ కాక రెండో తాళం లేదు; హ్యాకర్లు అందులోంచే దూరారు. దాడి ఆఫీసు కంప్యూటర్ల మీద. పైప్‌లైన్ని ఆపుకున్నది కంపెనీయే. హ్యాకర్లకి 75 బిట్‌కాయిన్లు సమర్పించుకున్నారు కూడా. అక్కడ ల్యాడర్ లాజిక్ ఏం కాపాడేది? ఇంకోటి, ఏఏఎస్ డిగ్రీ (ఉద్యోగానికి తయారుచేసే రెండేళ్ల డిగ్రీ) అయితే క్రెడిట్లు చాలావరకు యూనివర్సిటీకి బదిలీ కావు.

పంపుల మనిషి: క్రెడిట్ల మాట ఒప్పుకుంటా. ఏ యూనివర్సిటీ ఎన్ని తీసుకుంటుందో చేరకముందే కాగితం మీద చూసుకోవాలి. కొలోనియల్ విషయంలో మాత్రం, ఆఫీసు పడిపోతే పైపు ఎందుకు ఆపాల్సొచ్చిందో చెప్పాలంటే రెండు వైపులూ తెలిసినవాడు కావాలి తమ్ముడూ.

హెచ్‌4 ఇల్లాలు: వీసా మాట ఎవరూ ఎత్తరేం? సైబర్ సెక్యూరిటీ చదువుకి అమెరికా ప్రభుత్వమిచ్చే సైబర్‌కార్ప్స్ స్కాలర్‌షిప్‌కి పౌరసత్వమో గ్రీన్‌కార్డో ఉండాలి. ఫెడరల్ ఉద్యోగాలకైతే సాధారణంగా పౌరసత్వమే అడుగుతారు. నేను ఇలాంటి కోర్సే చేశాను, ల్యాబులో మంచి మార్కులే. ఇంటర్న్‌షిప్ ఫారంలో రెండో ప్రశ్న దగ్గరే ఆగిపోయాను. పాప ఇక్కడే పుట్టిందా అన్నయ్యగారూ?

ఫ్రిస్కో నాన్న: ఇక్కడే పుట్టిందమ్మా. క్రెడిట్ల కాగితం గురించి రేపే కాలేజీకి ఫోన్ చేస్తా. శనివారం ల్యాబు చూడ్డానికి వెళ్తున్నాం. వాళ్లమ్మా వస్తానంది. నాతో కాదు, అమ్మాయికి మెసేజ్ పెట్టింది.