విమ్‌లో స్వాప్ ఫైలును ఆపివేయవచ్చునా?

నల్లతెర: ఒకే ఫైలును రెండో టెర్మినల్‌లో తెరిచిన ప్రతిసారీ విమ్ ఎడిటర్ ‘దీని స్వాప్ ఫైలు (విమ్ పక్కన ఉంచే తాత్కాలిక ఫైలు) ఇప్పటికే ఉంది’ అనే ఈ325 హెచ్చరికతో తెరనంతా నింపుతోంది. విమ్‌ఆర్‌సీ అనే సెట్టింగుల ఫైలులో, స్వాప్ ఫైలును ఆపే నోస్వాప్‌ఫైల్ అని రాసి ఈ పోరు వదిలించుకుందామనుకుంటున్నాను. అభ్యంతరం ఉన్నవారు కారణం చెప్పగలరు.

పాతకాపు: ఆ పని చేయకండి. మీరు 200 అక్షరాలు కొట్టినప్పుడు గాని, 4 సెకన్లు చేయి ఆపినప్పుడు గాని, ఇంకా సేవ్ చేయని మార్పులు ఆ స్వాప్ ఫైలులోకే చేరతాయి. ఫైలును ఎవరు, ఏ యంత్రంపై, ఏ ప్రాసెస్ సంఖ్యతో తెరిచారో కూడా అందులోనే ఉంటుంది. కరెంటు పోయిన రోజున దాని విలువ తెలుస్తుంది.

గోదారిగట్టు: కరెంటు సంగతి ఎవరూ అడగలేదు. స్వాప్ లేకపోయినా, మనం తెరిచాక డిస్కుపై ఫైలు మారి ఉంటే, సేవ్ చేసే వేళ విమ్ ఆగి అడుగుతుంది. ఆటోరీడ్ అనే సెట్టింగ్ పెట్టుకుంటే, మనం దిద్దని కిటికీలోకి కొత్త పాఠం దానంతటదే వస్తుంది.

పాతకాపు: దానంతటదే రాదు. టెర్మినల్‌లో చాలాసార్లు ఫైలు మారిందో లేదో చూసే చెక్‌టైమ్ ఆదేశం ఇస్తే తప్ప కదలదు.

గోదారిగట్టు: ఒక్క ఆదేశం కోసం ఇంత పట్టుదలా?

వేపచెట్టు: ఈమ్యాక్స్ అనే మరో ఎడిటర్‌లో ఎన్ని ఫ్రేములు (కిటికీలు) తెరిచినా ఫైలు పాఠం ఉండే బఫర్ ఒక్కటే కాబట్టి మాకు ఈ బాధ లేదు.

పాతకాపు: గోదారిగట్టు గారూ, సేవ్ చేసే వేళ అడిగితే ఏం లాభం? అప్పటికే రెండు వేర్వేరు పాఠాలు తయారై ఉంటాయి. మా ఆఫీసులో సర్వరుకు అందరిదీ ఒకే లాగిన్. నేను ఎన్‌జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వరు కాన్ఫిగ్ దిద్దుతుండగా, ఒక సహోద్యోగి హెచ్చరికను చదవకుండానే ‘ఈ’ (ఎలాగైనా దిద్దు) నొక్కి, తన పాఠాన్ని నా దాని మీద రాసేశాడు. మర్నాడు చీవాట్లు తిన్నది నేను.

గోదారిగట్టు: అంటే హెచ్చరిక వచ్చినా ఆగలేదన్నమాట. మీ తగాదా నోస్వాప్‌ఫైల్‌తో కాదు, మార్పుల చరిత్రను దాచే గిట్ లేకుండా సర్వరులో నేరుగా దిద్దే పద్ధతితో. ఆ మాట ఆఫీసులో అనలేక ఇక్కడ అంటున్నారు.

పాతకాపు: అన్నాను. ఎవరూ వినలేదు. అందుకే, మనుషులు వినని చోట పనిముట్టయినా అడ్డుపడాలంటున్నాను.

నల్లతెర: హెచ్చరికను ఇప్పుడే పూర్తిగా చదివాను. ప్రాసెస్ సంఖ్య పక్కన ‘స్టిల్ రన్నింగ్’ (ఇంకా నడుస్తోంది) అని ఉంది. నిలిపి ఉంచిన పనులను చూపే జాబ్స్ ఆదేశం కొట్టి చూస్తే, మధ్యాహ్నం కంట్రోల్-జెడ్ నొక్కి నిలిపి, మరిచిపోయిన విమ్ కనబడింది. దాన్ని ముందుకు తెచ్చే ఎఫ్‌జీ ఆదేశం ఇవ్వగానే, సేవ్ చేయని పదకొండు వరుసలతో తెరుచుకుంది.

గోదారిగట్టు: కంట్రోల్-జెడ్ అలవాటు మానుకోండి. స్వాప్ ఫైలు ప్రసక్తే రాదు.