మా చెరువు డేటా ఎవరిది? రేటు మాట్లాడేలోపే కొనేవాడికి అన్నీ తెలిసిపోతున్నాయి

ఉప్పుటేరు_గట్టు

అందరికీ నమస్కారం అండి. మాది ఆకివీడు దగ్గర. ఆరెకరాలు లీజుకి తీసుకుని మూడు చెరువుల్లో వనామీ రకం రొయ్య వేస్తున్నాం. పోయిన పంట ముందు, మాకు మేత ఇచ్చే కంపెనీ వాళ్ళే వచ్చి చెరువుకొక మీటరు పెట్టారు, పైసా తీసుకోలేదు. నీళ్ళలో ఆక్సిజన్ ఎంతుంది, పీహెచ్ ఎంత, వేడి ఎంత, నీళ్ళలోకి గాలి ఎక్కించే ఏరేటర్లు ఎన్ని గంటలు తిరిగాయి, అన్నీ ఫోన్లో కనిపిస్తాయి. మేత ఎన్ని కిలోలు వేశామో, చెక్ ట్రేలో (రొయ్య మేత ఎంత తిందో చూసే పళ్ళెం) ఎంత మిగిలిందో, వల విసిరి చూస్తే కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు) ఎంత వచ్చిందో మాత్రం మనమే యాప్‌లో ఎక్కించాలి. మొదట్లో చాలా సంతోషపడ్డాను. రాత్రి రెండింటికి టార్చి పట్టుకుని గట్టు చుట్టూ తిరిగే పని సగానికి తగ్గింది.

ఇప్పుడు అసలు సంగతి. తొంభై రెండో రోజు తెల్లవారుజామున కరెంటు పోయింది. జనరేటర్ అందుకునేసరికి రెండో చెరువులో ఆక్సిజన్ 2 దగ్గరికి పడిపోయి రొయ్య మూలల్లో తేలింది. ఏరేటర్లన్నీ వేసి, ఆక్సిజన్ బిళ్ళలు చల్లి, ఏడింటికల్లా నిలబెట్టాం. చచ్చింది రెండు బకెట్లు, అంతే. ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు, పక్క చెరువు వాళ్ళకి కూడా. పదింటికి కొనుగోలు ఏజెంటు ఫోన్ చేశాడు (కొనేది కూడా ఆ కంపెనీ మనుషులే), ముందురోజు అనుకున్న రేటు మీద కిలోకి 18 రూపాయలు తగ్గించి చెప్పాడు. అదేంటండి అంటే, "రాత్రి మీ రెండో నంబరు తేలిందిగా అండి, ఎల్లుండి దాకా ఆగితే మీకే రిస్కు" అన్నాడు. ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని కాసేపు ఏం మాట్లాడలేకపోయాను. మేత అప్పు వాళ్ళ దగ్గరే ఉంది, రొయ్య మాకే అమ్మాలన్నది వాళ్ళ షరతు, ఇంకొకళ్ళని పిలిచే పరిస్థితి లేదు, ఆ రోజే పట్టుబడి పెట్టేశాం. కాటా మీద 4 టన్నులు తూగింది. అంటే 72 వేలు పోయాయి.

నాకు తెలియాల్సింది ఏంటంటే, ఆ మీటరు వాళ్ళదే కావచ్చు, చెరువు నాది, రొయ్య నాది, అప్పు కూడా నాదే, మరి ఆ లెక్క ఎవరిది? నా చెరువు రీడింగు నా దగ్గర కొనేవాడికి చూపించొచ్చని నేను ఎక్కడా సంతకం పెట్టలేదు. యాప్‌లో ఇంగ్లీషు షరతులేవో ఉన్నాయి, "ఒప్పుకుంటున్నాను" అన్నది కూడా బిగించడానికి వచ్చిన కుర్రాడే నా ఫోన్ తీసుకుని నొక్కాడు. ఇప్పుడు పాత లెక్క చూద్దామంటే యాప్‌లో పదిహేను రోజులే కనిపిస్తోంది. చట్టం ఏమన్నా ఉందా అండి దీనికి?

పాలకొల్లు_ప్లీడరు

చట్టం ఉంది, కానీ మీకు కావాల్సిన చోట పల్చగా ఉంది. ఉన్నదున్నట్టు చెబుతాను.

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం మనిషికి సంబంధించిన డేటాకే వర్తిస్తుంది. చెరువులో ఆక్సిజన్ ఎంతో చెప్పే అంకె మనిషి గురించి కాదని కంపెనీ వకీలు మొదటి మాటగా అంటాడు. నేనైతే ఒప్పుకోను. ఆ రీడింగు మీ పేరుతో, మీ ఫోన్ నంబరుతో, మీ అప్పు ఖాతాతో ముడిపడి ఉంది, ఫలానా రైతు చెరువు తేలిందని గుర్తుపట్టే కదా మీకు ఫోన్ చేశాడు. గుర్తుపట్టగలిగే వ్యక్తికి సంబంధించిన ఏ డేటా అయినా వ్యక్తిగత డేటాయేనని ఆ చట్టంలోని నిర్వచనం. వాదించడానికి అది చాలు. ఇక సమ్మతి సంగతి. సమ్మతి స్వేచ్ఛగా, తెలిసి, ఫలానా పనికి అని ఇచ్చింది అయ్యుండాలని ఆరో సెక్షన్ చెబుతుంది. అడిగే కాగితాన్ని రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలు భాషల్లో, అంటే తెలుగులో కూడా, చదువుకునే వీలు ఇవ్వాలి. కుర్రాడు నొక్కిన బటన్ ఏ రకంగానూ సమ్మతి కాదు.

చిక్కు ఎక్కడంటే, ఆ చట్టం రూల్స్ 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి, మన హక్కులకి సంబంధించిన ముఖ్య భాగాలకి 18 నెలలు గడువిచ్చారు, అంటే 2027 మే. ఇంకొకటి. తప్పు తేలితే, ఏ తప్పు అన్నదాన్ని బట్టి, జరిమానా గరిష్ఠంగా 250 కోట్ల దాకా ఉంది, కానీ అది ప్రభుత్వ ఖజానాకి వెళ్తుంది. మీ 72 వేలు మీకు ఇప్పించే సెక్షన్ అందులో లేదు. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం.

మేత అప్పు ఇచ్చి, రొయ్య మాకే అమ్మాలి అన్నారు చూడండి, అది వేరే దారి. 2002 కాంపిటీషన్ చట్టంలో మూడో సెక్షన్ ఒకదానికొకటి ముడిపెట్టి అమ్మే ఒప్పందాల గురించి మాట్లాడుతుంది. ఆ షరతు కాగితం మీద ఉందా, నోటి మాటేనా? మార్కెట్లో పోటీని దెబ్బతీసిందని చూపించాలి కాబట్టి ఒక్క రైతు వెళ్తే కష్టం. పదిమంది ఒకే రకం కాగితాలతో వెళ్తే మాట వేరు. డేటా విషయం కాంపిటీషన్ కమిషన్ పట్టించుకోదని అనుకోకండి, 2024 నవంబరులో వాట్సాప్ డేటా పంచుకునే పాలసీ మీద మెటాకి 213 కోట్ల పైన జరిమానా వేసింది వాళ్ళే.

కాళ్ళ_పెద్దరైతు

తమ్ముడూ, కోపంలో మీటరు పీకేయకు. నేను వనామీకి అనుమతి వచ్చిన 2009 తర్వాత మొదటి రెండు మూడేళ్ళలోనే దిగినవాణ్ణి, అంతకుముందు టైగర్ రొయ్య వేసి వైట్ స్పాట్ రోగానికి పోగొట్టుకున్నవాణ్ణి. మీటరు లేని రోజుల్లో తెల్లారి లేచి చూస్తే చెరువు మొత్తం తెల్లగా పరుచుకుని ఉన్న పొద్దులు నాకు రెండు గుర్తున్నాయి. నిరుడు ఫోన్ మోగబట్టే నా పెద్ద చెరువు దక్కింది.

అయినా ఏజెంట్లకి చెరువు గుట్టు తెలియడం కొత్తేం కాదు. కాపలావాడికి టీ తాగించి అడిగేవాళ్ళు, వల విసిరేవాళ్ళని అడిగేవాళ్ళు, మందుల షాపులో ఎవరు ఏం కొన్నారో వాకబు చేసేవాళ్ళు. ఆక్సిజన్ బిళ్ళలు పది బకెట్లు పట్టుకెళ్ళావంటే సాయంత్రానికి రేటు దిగేది.

ఉప్పుటేరు_గట్టు

అన్నయ్యగారూ, మీటరు పీకను, మీరన్నది నిజమే, అది లేకపోతే ఆ రాత్రి మొత్తం పోయేది. కానీ కాపలావాడు చెప్పే కబురుకీ దీనికీ తేడా ఉందండి. అప్పుడు వాడు విన్నది నిజమో కాదో వాడికే తెలియదు, నేను "అదేం లేదండి, వచ్చి వల వేసుకుని చూడండి" అనగలిగేవాణ్ణి. బేరం అంటే అదే కదా. ఇప్పుడు నేను ఏం దాచాలన్నా దాచలేను, వాళ్ళ ప్లాంటులో స్టాకు ఎంతుందో, బయట ఎంతకి అమ్ముతున్నారో మాత్రం నాకు ఒక్క ముక్క తెలియదు.

కోనసీమ_బోర్డు

నాది అమలాపురం, హైదరాబాద్‌లో ఇలాంటి మీటర్ల బోర్డులు, సాఫ్ట్‌వేర్ చేసే పనిలో ఉన్నాను. లోపల ఏం జరుగుతుందో చెబుతాను, చాలామందికి తెలియదు.

మీటరులో ఒక సిమ్ ఉంటుంది. కొన్ని నిమిషాలకోసారి రీడింగు తీసి నేరుగా కంపెనీ సర్వర్‌కి పంపుతుంది. మీ ఫోన్‌లో కనిపించేది అక్కడి నుంచి వెనక్కి వచ్చేది. అసలు పుస్తకం వాళ్ళ దగ్గర, మీకు ఇచ్చేది జిరాక్సు, అదీ పదిహేను పేజీలు. ఆ పుస్తకం ఎవరెవరు తెరవొచ్చో లోపల ఒక స్క్రీన్ మీద టిక్కులు పెడతారు. టెక్నీషియన్‌కి ఒకటి, అప్పుల విభాగానికి ఒకటి, కొనుగోలు విభాగానికి ఒకటి. మీ ఏజెంటు ఎవరినీ అడిగి ఉండడు, వాడి ఫోన్‌లోనే కనిపించి ఉంటుంది. ఆ టిక్కు తీసేయడానికి ఐదు నిమిషాలు పట్టదు, కాబట్టి "సిస్టం అలాగే ఉంటుందండి" అని ఎవరైనా అంటే నమ్మకండి.

అసలు భయపడాల్సింది ఒక చెరువు రీడింగు గురించి కాదు. రోజుకి ఎంత మేత తింటోంది, ట్రేలో ఎంత మిగులుతోంది, కౌంట్ ఎంత, ఈ మూడూ ఉంటే ఆ చెరువులో ఎన్ని టన్నులు ఉందో కూర్చున్న చోటే లెక్క కట్టొచ్చు. అలాంటివి వందల చెరువులవి ఒకే సర్వర్‌లో ఉన్నాయనుకోండి, ఉండి, కాళ్ళ, ఆకివీడు, మొగల్తూరు మండలాలు కలిపి వచ్చే వారం 60 కౌంట్ ఎంత బయటికి వస్తుందో, ఎవరి చెరువు బలహీనంగా ఉండి ఆగలేడో, ఎవరికి అప్పు ఎక్కువో వాళ్ళకి ముందే తెలుస్తుంది. రైతుకి తెలిసేది ఆ రోజు ఉదయం వాట్సాప్‌లో వచ్చే రేటు. మన కాలవల మీద లస్కరు ఎవరి వంతు నీరు వాళ్ళకి వదులుతాడని నమ్మి ఊరుకుంటాం, ఆ లస్కరే మన పొలం కొనడానికి బేరానికి వస్తే తూము తాళం వాడి చేతిలో ఉంచుతామా? మేత అమ్మేవాడు, అప్పు ఇచ్చేవాడు, మీటరు పెట్టేవాడు, సరుకు కొనేవాడు ఒక్కడే కాకూడదని నా గట్టి అభిప్రాయం. ఒక్కడే అయినా మీటరు లెక్క కొనేవాడి గదిలోకి వెళ్ళకుండా గోడ ఉండాలి.

ఇది కుదరని పనేం కాదు. యూరప్‌లో డేటా యాక్ట్ అని ఒక చట్టం 2025 సెప్టెంబరు 12 నుంచి అమల్లో ఉంది. నెట్‌కి కలిసే పరికరం, అది ట్రాక్టర్ అయినా మీటర్ అయినా, దానిలో పుట్టిన డేటాని వాడుకునేవాడు అడిగితే ఇవ్వాలి, అతను చెప్పిన ఇంకొకరికి కూడా ఇవ్వాలి. వ్యక్తిగతం కాని డేటాకి కూడా వర్తిస్తుంది. అందులో నాలుగో ఆర్టికల్‌లో ఒక మాట ఉంది, ఆ డేటా నుంచి వాడకందారు ఆర్థిక పరిస్థితి, ఆస్తులు, ఉత్పత్తి పద్ధతులు పసిగట్టి మార్కెట్లో అతని స్థానం దెబ్బతినేలా వాడకూడదని. మీకు జరిగింది అచ్చంగా అదే. మన దగ్గర ఇలాంటి వ్యక్తిగతం కాని డేటా మీద ప్రభుత్వం వేసిన క్రిస్ గోపాలకృష్ణన్ కమిటీ 2020లో రిపోర్టు ఇచ్చింది, దాని మీద చట్టం మాత్రం రాలేదు, 2023 చట్టం వ్యక్తిగత డేటా దగ్గరే ఆగిపోయింది. మీ చెరువు ఆ సందులో పడిపోయింది.

పాలకొల్లు_ప్లీడరు

పైన బోర్డు తమ్ముడు చెప్పిన ఐదు నిమిషాల మాట చాలా పనికొస్తుంది, కంపెనీకి రాసే లెటర్లో పెడదాం. హక్కులు అమల్లోకి వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. కంపెనీకి తెలుగులోనే రాయండి, ఈమెయిల్ చేయండి, స్పీడ్ పోస్టులో అక్నాలెడ్జిమెంటుతో పంపండి. మీటరు పెట్టిన రోజు నుంచి మొత్తం రీడింగులు ఎక్సెల్‌లో ఇవ్వమనండి, ఎవరెవరికి చూపించారో పేర్లు కాకపోయినా విభాగాలు చెప్పమనండి, కొనుగోలు విభాగానికి చూపించడం ఆపమనండి. ఫలానా తేదీ ఉదయం ఏజెంటు అన్న మాట అన్నట్టుగా రాయండి. ఆ కాల్ రికార్డు ఉంటే డిలీట్ చేయొద్దు.

ఉప్పుటేరు_గట్టు

ఆలస్యంగా రాస్తున్నాను, చెరువు ఎండగట్టే పనిలో ఉన్నాం. లెటర్ పంపాను. తొమ్మిదో రోజు ఫోన్ వచ్చింది, ఎక్సెల్ ఇస్తామన్నారు, నిన్న వచ్చింది కూడా. కొనుగోలు వాళ్ళకి చూపించడం ఆపుతారా అంటే మాత్రం "పైవాళ్ళని అడగాలి" అని పెట్టేశారు. షీటు తెరిచి చూస్తే ఆ తెల్లవారుజామున 4:10కి 2.1 అని ఉంది, 6:50కి 4.6. అంటే ఏజెంటు ఫోన్ చేసేసరికి చెరువు కోలుకుని మూడు గంటలు దాటింది, అది కూడా వాళ్ళకి కనిపిస్తూనే ఉంది, అయినా పడిపోయిన అంకె ఒక్కటే నాకు చెప్పాడు. ఇది చూశాక నిద్ర పట్టలేదండి.

ఇంకొకటి. మేత దుకాణం దగ్గర ఈ మాట ఎత్తితే ఇదే మీటరు ఉన్నవాళ్ళు మా పక్క ఊరితో కలిపి పదకొండు మంది తేలారు. అందులో నాతో కలిపి ఏడుగురికి ఇలాంటి ఫోనే వచ్చింది, ఒకాయనకి పీహెచ్ గురించి, ఇంకొకాయనకి మేత తగ్గించడం గురించి. అందరూ ఎవరికి వాళ్ళు తమ చెరువు కాపలావాడే చెప్పాడనుకుని ఊరుకున్నారు. ఒకాయన అయితే కాపలా కుర్రాణ్ణి మానిపించేశాడు కూడా. ఇప్పుడు ఆ కుర్రాడి ఇంటికి వెళ్ళి నీ తప్పు లేదని చెప్పొచ్చాడు.

పాలకొల్లు_ప్లీడరు

ఏడుగురివీ పట్టుబడి చీటీలు, ముందురోజు చెప్పిన రేటు వాట్సాప్ మెసేజీలు, ఏజెంటు ఫోన్ చేసిన టైము, మేత అప్పు కాగితాలు తేదీలవారీగా పెట్టుకోండి. మిగతా ఆరుగురి చేత కూడా అదే లెటర్ పంపించి ఎక్సెల్ తెప్పించండి, అడిగితే ఇస్తున్నారు కాబట్టి ఇప్పుడే. శనివారం మధ్యాహ్నం తర్వాత నాకు ఖాళీ, అందరూ కలిసే రండి. ఆ మానిపించిన కుర్రాణ్ణి కూడా తీసుకురండి, ఆ రోజుల్లో గట్టు మీద ఉన్నది అతనే.