అప్‌డేట్: పెరంబూర్ సందు మలుపు, చీకటి, చెత్త

పోయిన నెల అడిగింది ఇదీ: చెన్నై పెరంబూర్‌లో మా సందు మలుపు చీకటి, పక్కనే చెత్త, రాత్రిపూట ఆడవాళ్లు నడవలేకపోతున్నారు, ముందు దేనికి పూనుకోవాలి? "ముందు లైటు" అన్న సలహానే సరైనది. కొత్త స్తంభం మాత్రం అక్కర్లేకపోయింది; ఉన్న దీపాన్ని వేపకొమ్మ మూసేసింది. స్తంభం మీది నంబరు చెప్పి 1913కి (చెన్నై కార్పొరేషన్ ఫిర్యాదుల ఫోన్ నంబరు) ఫిర్యాదు చేస్తే కార్పొరేషన్‌వాళ్లే కొమ్మ కొట్టారు. "గుడి పక్కన" అని చెబితే వాళ్లకి స్తంభం దొరకదు.

మలుపు గోడకి ఎనామెల్ పెయింటు వద్దు. చెమ్మ గోడ మీద అది పొక్కులు లేచి అట్టల్లా ఊడుతుంది. సున్నం చాలు: రాత్రంతా నానబెట్టి, గుడ్డలో వడగట్టి, కాస్త బంక కలిపి, గోడ తడిపి పలచగా రెండు పూతలు. చిక్కగా ఒకటే పూత వేస్తే రాసుకుపోయినవాళ్ల చొక్కాకంతా సున్నమే.

చెత్త ఇంకా తెగలేదు. పూలకుండీలు పెడితే వాటి వెనకే సంచులు పడ్డాయి; గోడకి ఆనించి పెట్టాల్సింది, జానెడు సందు కూడా వదలకుండా.

స్పీడ్‌బ్రేకర్ సొంతంగా పోయకండి. ఐఆర్‌సీ (రోడ్ల ప్రమాణాలు నిర్ణయించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) కొలత 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు. మనం సిమెంటుతో పోసేది ఇరుకు గట్టు, స్కూటీ ఎగిరిపడుతుంది. అర్జీ ఇచ్చాం, ఇంకా కదల్లేదు.