‘క్షయకరణం’ అంటే యురేనియం నశించినట్టేనా?

గ్రూపు పెద్దలకు నమస్కారం. విశాఖలో డిగ్రీ మైక్రోబయాలజీ పిల్లలకు తెలుగులో నోట్స్ రాస్తున్నాను. ‘జియోబ్యాక్టర్ అనే బ్యాక్టీరియా యురేనియాన్ని క్షయకరణం చేస్తుంది’ అన్న వాక్యం చదివి ఒక అమ్మాయి, ‘అయితే రేడియేషన్ పోయినట్టే కదా మేడం?’ అంది. తప్పు ఆ పిల్లది కాదు, మాటది. రేడియోధార్మిక క్షయం అని ఫిజిక్స్‌లో చదువుకునే వచ్చింది మరి.

జరిగేది వేరు. మనం తిన్నదాంట్లోంచి వచ్చే ఎలక్ట్రాన్లను చివరికి ఆక్సిజన్‌కి అప్పజెబుతాం. ఆక్సిజన్ అందని మట్టిలో ఈ బ్యాక్టీరియా ఎలక్ట్రాన్లను మోసే సైటోక్రోమ్ ప్రోటీన్ల మీదుగా లోహాలకు అప్పజెబుతుంది. రెండు ఎలక్ట్రాన్లు చేరితే యురేనియం ఆక్సీకరణ సంఖ్య 6 నుంచి 4కి దిగుతుంది. క్షయకరణం (రిడక్షన్) అంటే ఇదే. నీళ్లలో కరిగి పారేది కాస్తా కరగకుండా మట్టిలో నిలిచిపోతుంది. పరమాణువు మాత్రం అదే. యురేనియం-238 అర్ధాయువు (అందులో సగం విఘటనం చెందడానికి పట్టే కాలం) సుమారు 447 కోట్ల ఏళ్లు, అందులో ఈ జీవి ఒక్క రోజు కూడా తగ్గించలేదు.

మరి ఏ మాట వాడమంటారు?

గాజువాక మాస్టారు: క్షయకరణం ఉంచండమ్మా. తగ్గేది ఆ సంఖ్య. తెలుగు మీడియం వాళ్లకి ఆక్సీకరణం, క్షయకరణం జంట మాటలు.

ఒక సోదరి: మా అమ్మకి క్షయ అంటే టీబీ జబ్బే. ‘ఎలక్ట్రాన్ స్వీకరణ’ అనకూడదా అక్కా?

నేను: స్వీకరించేది యురేనియం, ఇచ్చేది బ్యాక్టీరియా. ‘యురేనియాన్ని స్వీకరణ చేసింది’ అంటే మింగేసినట్టు వినిపిస్తుంది చెల్లీ.

ఒక తమ్ముడు: మన భీమిలి ఇసుకలో మోనజైట్ అనే ఖనిజం, దాంట్లో థోరియం ఉన్నాయి కదా. దానికీ ఇదే మాటా?

నేను: వర్తించదు తమ్ముడూ. థోరియం ప్రకృతిలో 4 దగ్గరే ఉంటుంది, దిగడానికి మెట్టు లేదు.

ఇవాళ ల్యాబ్‌లో పిల్లలకు పాల పరీక్ష చూపించాను. మెథిలీన్ బ్లూ అనే నీలి రంగు కలిపిన పాలు గోరువెచ్చటి నీళ్లలో ఉంచితే, లోపలి బ్యాక్టీరియా ఎలక్ట్రాన్లు ఇచ్చి నీలాన్ని పోగొట్టింది. గాలి తగిలే పైఅంచున సన్నటి నీలం గీత మిగిలింది. ఆ అమ్మాయి చేతికే గొట్టం ఇచ్చి ఊపమన్నాను. నీలం తిరిగొచ్చింది. ‘రంగు ఎక్కడికీ పోలేదన్నమాట’ అంది. యురేనియం కూడా అంతే, ఆక్సిజన్ తగిలితే మళ్లీ కరుగుతుంది.

క్షయకరణం అలాగే ఉంచాను. పక్కన ‘ఎలక్ట్రాన్లు ఇచ్చి కరగని రూపంలోకి మార్చడం’ అని రాశాను. రేడియోధార్మిక క్షయం అన్నచోట మాత్రం ‘విఘటనం’ అని దిద్దాను.