“సుకృతే దుష్కృతే చైవ”నా, “చైతే”నా?

నీలాంబరి: చేసినవాడు, చేయించినవాడు, ప్రేరేపించినవాడు, ఆమోదించినవాడు, మంచికైనా చెడుకైనా నలుగురూ సమాన భాగస్వాములే అన్న శ్లోకం. “కర్తా కారయితా చైవ ప్రేరకశ్చానుమోదకః” వరకు బాగానే వస్తోంది, చివరి “చత్వారః సమభాగినః” కూడా. మూడో పాదం చివరే తడబాటు: చైవనా, చైతేనా? దోపిడీలో మనిషి చస్తే బయట కారులో కూర్చున్నవాడికీ అదే శిక్షా అన్న వ్యాసానికి శీర్షికగా కావాలి.

పాదచారి: చైతే. మొదటి పాదంలో ఒక చైవ అయ్యాక మళ్ళీ ఎందుకు? “ఏతే చత్వారః” అని అన్వయం హాయిగా కుదురుతుంది.

గణవిభజన: ఛందస్సు మీ పక్షం వహించదు. పాదంలో అయిదో అక్షరం లఘువు, ఆరోది గురువు, అక్కడికి సరి. ఎనిమిదోది పాదాంతం, వ అయినా తే అయినా చెల్లుతుంది. పాదం నింపడానికి వేసే చైవలు ఇలాంటి ఎనిమిదక్షరాల పాదాల అనుష్టుప్పుల్లో కొల్లలు.

సెక్షన్ 34: అది అటుంచండి, “సమభాగినః” అనే మాటే చిక్కు. బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 310(3), పాత ఐపీసీలో 396, అయిదుగురూ ఆపైన కలిసి చేసిన దోపిడీకే, అంటే బందిపోటుకే. అది చేస్తూ ఒకడు హత్య చేసినా అందరికీ మరణశిక్షో, యావజ్జీవమో, పదేళ్ళకు తగ్గని కఠిన కారాగారమో. నలుగురైతే 3(5), అంటే పాత 34, కింద ఉమ్మడి ఉద్దేశం రుజువు కావాలి. కేసులు జారేదిక్కడే: అయిదుగురిలో ఇద్దరు నిర్దోషులుగా తేలితే, దొరకనివాళ్ళు ఇంకా ఉన్నారని కోర్టు నమ్మితే తప్ప 310 నిలవదు.

పాదచారి: శ్లోకంలో నలుగురే కాబట్టి బందిపోటు కాదన్నమాట!

నీలాంబరి: ఆయుధాలిచ్చి పంపి ఇంట్లో కూర్చున్నవాడు కారయితా, ప్రేరకుడా?

సెక్షన్ 34: ప్రేరకుడే. సెక్షన్ 51, పాత 111. చట్టంలోనే ఉదాహరణ ఉంది: అర్ధరాత్రి ఇల్లు దోచమని ఆయుధాలిచ్చి పంపితే, ఎదిరించిన మనిషిని వాళ్ళు చంపితే, ఆ చావు ఊహించదగ్గ పర్యవసానమైతే పంపినవాడూ హంతకుడే. అనుమోదకుడు మాత్రం తప్పించుకుంటాడు. అంతా అయ్యాక భేష్ అన్నంతలో ప్రేరేపణ కాదు.

గణవిభజన: తిక్కన అంత ఉదారుడు కాడు. కౌరవ సభలో ఆయన కృష్ణుడు అంటాడు, ఆపగలిగీ ఊరకున్నవాళ్ళకే చేటని: “దక్షు లెవ్వార లుపేక్ష సేసి రది వారల చేటగు”.

సెక్షన్ 34: చట్టం అంత దూరం పోదు. శక్తి ఉంటే చాలదు, ఆపాల్సిన చట్టబద్ధ బాధ్యత ఉండాలి. అయితే బరేంద్ర కుమార్ ఘోష్ కేసులో (1925) పోస్టుమాస్టరును కాల్చినప్పుడు తాను బయటే నిలబడ్డానన్న ముద్దాయికి అప్పటి తుది అప్పీలు కోర్టు ప్రీవీ కౌన్సిల్ ఇంగ్లీషు కవి మిల్టన్ పాదంతోనే బదులిచ్చింది: ఊరకే నిలిచి వేచినవారూ సేవ చేసినవారే.

పాదచారి: మిల్టన్ ఎందుకు, తిక్కన ఉండగా? ఆ దక్షులు ఎవరంటారు?

గణవిభజన: సందేహమా? భీష్మద్రోణులు.

పాదచారి: మరి విదురుడో?

గణవిభజన: ఆయన ఉపేక్షించలేదు, మొత్తుకున్నాడు. లేనిది దక్షతే.