ఏడవట్లేదు కదా అని నొప్పి మందు తగ్గించొచ్చా?

చిన్నూ వాళ్ళక్క:
మా కుక్క చిన్నూకి 11 ఏళ్ళు, ముందు కాలికి ఎముక క్యాన్సర్. ఆపరేషన్‌కి తట్టుకోదన్నారు, నొప్పికి మెలాక్సికామ్, గాబాపెంటిన్ రాసిచ్చారు. ఇప్పుడు ఇంట్లో రోజూ ఇదే గొడవ. అది అరవట్లేదు, మూలగట్లేదు, తింటోంది కూడా, మరి ఎందుకిన్ని మందులు, రోజంతా మత్తుగా పడుంటోంది, బాగా కుంటినప్పుడే ఇద్దాం అంటాడు అన్నయ్య. పైగా నొప్పి తెలిస్తేనే కాలు జాగ్రత్తగా పెడుతుంది, లేకపోతే గెంతి విరగ్గొట్టుకుంటుంది అంటాడు. నాకైతే టైముకి ఇవ్వాలనే ఉంది. మీరేమంటారు?

లక్కీ డాడీ:
మీ అన్నయ్య భయాన్ని కొట్టిపారేయలేనండీ. మెలాక్సికామ్ లాంటివి కడుపులో పుండ్లు చేస్తాయి, కిడ్నీలు వీక్‌గా ఉంటే ఇంకా డేంజర్. మా లక్కీకి తారులాగా నల్లటి విరేచనం అయ్యేదాకా లోపల రక్తం పోతోందని మాకు తెలీనేలేదు. మత్తులో పడేసేకన్నా కాస్త మెలకువగా మన మొహం చూస్తూ ఉండనివ్వడమే మేలనిపిస్తుంది.

రాజాగాడి అమ్మ:
లక్కీ డాడీ గారూ, ఆ నల్ల విరేచనం మాట అక్షరాలా నిజం, అదైనా వాంతులైనా తిండి మానేసినా మెలాక్సికామ్ ఆపి వెంటనే డాక్టర్‌కి ఫోన్ చెయ్యాల్సిందే. కానీ దానికి మందు అప్పుడప్పుడు ఇవ్వడం విరుగుడు కాదు. రక్తపరీక్షలో కిడ్నీ, లివర్ చూసుకుంటూ ఉండటం, బరువుకి తగ్గ డోసు తిండితో ఇవ్వడం, అదీ విరుగుడు. స్టెరాయిడ్ ఏదైనా నడుస్తుంటే ముందే చెప్పండి, ఆ రెండూ కలిస్తే కడుపుకి చిల్లు పడొచ్చు.

ఇంక అరవట్లేదన్న సంగతి. మా రాజాగాడు చివరి నెలల్లో ఒక్కసారీ అరవలేదు. రాత్రి 2 గంటలకి లేచి చూస్తే పడుకోబోయి, సగం వంగి, మళ్ళీ లేచి నిలబడేవాడు, వేడి లేకపోయినా రొప్పేవాడు, మణికట్టు దగ్గర ఒకే చోట నాకి నాకి వెంట్రుకలూడి చర్మం ఎర్రగా అయిపోయింది, మేమేమో వయసైపోయింది కదా అనుకుంటూ కూర్చున్నాం. ఆ రాత్రులు వాడికి తిరిగివ్వలేను, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

మత్తు గాబాపెంటిన్ వల్ల కావచ్చు, చాలావాటికి కొన్ని రోజుల్లో తగ్గుతుంది, తగ్గకపోతే డాక్టర్ డోసు మారుస్తారు, మీరంతట మీరు ఒక్కసారిగా ఆపకండి. మనుషుల సిరప్ మాత్రం వద్దు, కొన్నిట్లో తీపి కోసం కలిపే జైలిటాల్ ఉంటుంది, అది కుక్కలకి విషం. ఇంట్లో ఉన్న ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ జోలికి అస్సలు వెళ్ళొద్దు. ఒక డోసు మర్చిపోతే తర్వాతది రెట్టింపు చెయ్యొద్దు.

కాలు విరుగుతుందన్న భయం నిజమే, క్యాన్సర్ తిన్న ఎముక ఊరికే విరుగుతుంది. కానీ ఆ కాపలా పని నొప్పికి అప్పగించకండమ్మా, మీరు చెయ్యండి. మెట్లకి అడ్డం పెట్టండి, సోఫా ఎక్కనివ్వకండి, నేల జారకుండా ఏదైనా పరవండి.

లక్కీ డాడీ:
కాలి సంగతిలో మీ మాట ఒప్పుకుంటా. రక్తపరీక్ష లేకుండా నెలల తరబడి ఇవ్వడానికి మాత్రం నేను ఇప్పటికీ ఒప్పుకోను.

చిన్నూ వాళ్ళక్క:
రాత్రి నేనూ అన్నయ్యా మేలుకుని చూశాం. ఒంటిగంటన్నర నుంచి ముప్పావుగంటలో 4 సార్లు పడుకోబోయి లేచింది. అన్నయ్య ఏమీ అనలేదు, పొద్దున్నే మెట్లకి అట్ట అడ్డం కట్టాడు. రక్తపరీక్షకి రేపు తీసుకెళ్తున్నాం.